మా ఊర్లో పైవీధి వాళ్లు 90 దాటుతున్నారు, కింద కాలనీ మగవాళ్లు 55 దాటడం లేదు. ఎందుకు?

పైవీధి అమ్మాయి | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది పలమనేరు నుంచి కుప్పం పోయే దారిలో ఒక చిన్న ఊరు. నేను తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ నెలకోసారి ఊరికి పోయి వస్తుంటాను. మొన్న సంక్రాంతికి పోయి వచ్చినప్పటి నుంచి ఒక విషయం మనసులో తిరుగుతూనే ఉంది.

మాది పైవీధి. మా అవ్వకు 97 ఏళ్లు. ఇప్పటికీ పొద్దున్నే లేచి వాకిట్లో కసువు ఊడ్చి, తానే ముగ్గేస్తుంది. మా వీధిలో 90 దాటినవాళ్లు నలుగురున్నారు. కిందివైపు కాలనీ ఉంది, నడిస్తే ఐదు నిమిషాలు. అక్కడ ఈ ఆరేళ్లలో 11 మంది మగవాళ్లు పోయారు. అందరూ 45కీ 55కీ మధ్యవాళ్లే. పశువుల పండగ రోజు పొంగలి ఇచ్చి వద్దామని పోతే, ఏ ఇంట్లో చూసినా గోడకు దండ వేసిన ఫొటో ఉంది. మా మడికి నీళ్లు కట్టే మామ 51 ఏళ్లకే నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడుతున్నాడు.

రెండు వీధులూ తినేది సంగటే, తాగేది ఒకే బోరు నీళ్లు. మరి ఇంత తేడా ఎందుకు? తెలిసినవాళ్లు చెప్పండి.

చెనిక్కాయ రైతు | ఆదివారం రాత్రి 9:40

అంతా తిండిలోనే ఉందమ్మా. మీ అవ్వ వయసువాళ్లు రాగి సంగటి, ఊరిబిండి, పులగూర, చలికాలంలో పితికిన పప్పు తిని పెరిగారు. దానికితోడు ఒళ్లొంచి పనిచేశారు. మన పూర్వీకులు వందేళ్లు ఊరికే బతికారా? ఇప్పుడు పిల్లలు పొద్దున లేస్తే నూడుల్స్ అంటారు. కాలనీలో సారాయి కూడా ఎక్కువ ఉంటుంది, అదీ చూడండి.

లెక్కల టీచర్, పుంగనూరు | ఆదివారం రాత్రి 10:05

అన్నా, పితికిన పప్పు విషయంలో మీతో గొడవ లేదు. కానీ 'పూర్వీకులు వందేళ్లు బతికారు' అన్నమాట లెక్కకు నిలవదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుష్షు 32 ఏళ్లు. ఇప్పుడు 70 దగ్గర ఉంది.

అయితే ఈ 32ను అందరూ తప్పుగా చదువుతారు. అప్పట్లో మనుషులు 32కే ముసలివాళ్లై పోయేవారని కాదు. ఒక తల్లికి ఇద్దరు బిడ్డలనుకోండి. ఒకరు పురిట్లోనే పోయారు, ఇంకొకరు 80 బతికారు. సగటు 40. ఆ 80 ఏళ్ల మనిషిని చూసి మనం 'ఆ కాలం తిండి' అంటాం. పురిట్లో పోయిన బిడ్డకు ఫొటో కూడా ఉండదు కాబట్టి లెక్కలోకి రాదు. మా జేజికి తొమ్మిది కాన్పులు, మిగిలింది నలుగురు. వాళ్లూ సంగటే తిన్నారు.

కేరళ మనకంటే సగటున నాలుగైదేళ్లు ఎక్కువ బతుకుతోంది. అక్కడ సంగటి లేదు. ఆడపిల్లల చదువు, పసిబిడ్డల చావులు తగ్గించడం, నడిచి పోగలిగినంత దూరంలో ఆస్పత్రి, ఇవి వాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు.

ఒసాకా నుంచి | సోమవారం పొద్దున 6:20

మాది తిరుపతి, కొర్లగుంట. ఉద్యోగం జపాన్‌లో. ఈ విషయం అనగానే అందరూ ఎక్కువకాలం బతికేవాళ్లకు పేరుపడ్డ ఒకినావా దీవుల పేరు చెబుతారు కాబట్టి నేను విన్నది, చదివింది రాస్తాను.

అక్కడి పాత తరానికి ప్రధాన ఆహారం అన్నం కాదు, చిలగడదుంప. కడుపు పది పాళ్లలో ఎనిమిది పాళ్లు నిండగానే చెయ్యి కడుక్కోవాలని ఒక మాట ఉంది, 'హర హచి బు' అంటారు. ఇంకోటి 'మోఆయి'. కొంతమంది స్నేహితులు జట్టుగా చేరి నెలనెలా డబ్బు వేసుకుంటారు, అవసరమైనవాళ్లకు ఇస్తారు. మన చీటీల లాంటిదే, కానీ ఆ జట్టు ముసలితనం దాకా విడిపోదు.

చాలామంది చెప్పని సంగతి ఏమిటంటే, ఆ ఒకినావా ఇప్పుడు లేదు. అమెరికా సైనిక స్థావరాల చుట్టూ తిండి మారింది, కార్లు వచ్చాయి. 2000 సంవత్సరం లెక్కల్లో జపాన్‌లోని 47 ప్రాంతాల్లో ఒకినావా మగవాళ్లు 26వ స్థానానికి పడిపోయారు. రక్తం అదే, దీవి అదే. ఒక్క తరంలో మారిపోయింది. కవలలను గమనించిన పాత అధ్యయనాలు కూడా ఆయుష్షులో పుట్టుకతో వచ్చే భాగం పావు వంతే అని తేల్చాయి. 'వాళ్ల వంశమే అంత' అనేవాళ్లకు ఈ రెండూ చెప్పాలి.

రికార్డు రూమ్ | సోమవారం పొద్దున 8:15

నేను తాలూకాఫీసులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పింఛన్ల కాగితాలు చూసీ చూసీ కళ్లు కాయలు కాచాయి. అమ్మాయీ, తప్పుగా అనుకోవద్దు. ముందు మీ అవ్వ వయసు సరిచూడాలి.

ఆధార్‌లో ఆమె పుట్టిన తేదీ జనవరి 1 అని ఉందా? మన పల్లెల్లో పెద్దవాళ్లు సగం మంది జనవరి 1నే పుట్టినట్టు ఉంటారు. తేదీ తెలియదు, రాసుకునేవాడు అంచనాగా ఒక సంవత్సరం వేస్తాడు, కంప్యూటర్ జనవరి 1 తీసుకుంటుంది. పింఛను రావాలని నాలుగేళ్లు ఎక్కువ వేయించుకున్నవాళ్లనూ చూశాను. వాళ్లను తప్పుపట్టను, ఆకలి అలాంటిది.

ఇది మన దగ్గరే కాదు. 2010లో జపాన్ ప్రభుత్వం కుటుంబ రిజిస్టర్లు తిరగేస్తే, నూరేళ్లు దాటి 'బతికి ఉన్నట్టు' రాసి ఉండి ఎక్కడున్నారో తెలియనివాళ్లు 2 లక్షల 30 వేలకు పైగా తేలారు. యుద్ధంలో పోయినవాళ్లు, వలసపోయినవాళ్లు, పేరు కొట్టేయనివాళ్లు. అమెరికాలో పుట్టిన సర్టిఫికెట్లు మొదలైన తరువాత, 110 ఏళ్లు దాటారని చెప్పే రికార్డులు నాలుగింట మూడు వంతుల దాకా తగ్గిపోయాయని సాల్ న్యూమన్ అనే పరిశోధకుడు చూపించారు. నవ్వించి, ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2024లో ఆయనకు ఇచ్చారు. ఇటలీలోని సార్డీనియా దీవిలో నూరేళ్లవాళ్లు ఎక్కువున్న పల్లెల చుట్టూ మ్యాపు మీద నీలం సిరాతో గీతలు గీసిన మిషెల్ పులాన్, జాన్ని పెస్ మాత్రం, తాము చర్చి రికార్డులతో ఒక్కొక్కరి వయసూ సరిచూశామంటున్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

మీరు ఒక పని చేయండి. అవ్వను 'నీకెన్నేళ్లు' అని అడగొద్దు. 'ఏ సంవత్సరంలో పుట్టావని మీ అమ్మ చెప్పింది' అని అడగండి. ఆ తరం ఇంగ్లీషు సంవత్సరం మర్చిపోయినా తెలుగు సంవత్సరం పేరు మర్చిపోదు. అరవై ఏళ్లకు గానీ ఆ పేరు మళ్లీ రాదు కాబట్టి తప్పు పట్టేయొచ్చు. రుధిరోద్గారి అంటే 1923, ప్రభవ అంటే 1927. తరువాత తమ్ముడు ఎవరు, ఎన్నేళ్లు తేడా, పెళ్లి ఎప్పుడు, మొదటి కాన్పు ఎప్పుడు, ఇలా చుట్టూ అడిగితే దొరుకుతుంది.

అలిపిరి నడక | సోమవారం పొద్దున 9:02

వారానికోసారి 3,550 మెట్లూ ఎక్కుతాను. నాతో ఎక్కేవాళ్లలో 78 ఏళ్ల పెద్దాయన ఉన్నారు. గాలిగోపురం దగ్గర కూర్చుని మాకోసం కాచుకుని ఉంటారు. నడకను మించింది లేదని నా నమ్మకం.

వార్డు నర్సు | సోమవారం మధ్యాహ్నం 2:30

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. తిండి, నడక, వంశం అని అందరూ పైవీధి గురించే రాస్తున్నారు. 11 మంది పోయింది కింది వీధిలో. దాని గురించి ఎవరూ అడగలేదే?

అక్కా, నాకు మూడు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఆ పోయినవాళ్ల భార్యలు ఎలా ఉన్నారు? రెండు, ఆ మగవాళ్లు ఏం పనిచేసేవారు? మూడు, చివరి రోజుల్లో దగ్గు, ఆయాసం ఉండిందా, లేక కాళ్ల వాపు, వాంతులా?

ఎందుకడుగుతున్నానంటే, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు చెడిపోయి ఎంతోమంది పోతున్నారు. అక్కడ నీళ్లనూ, ఎండలో పనినీ, ఇంకా ఎన్నింటినో అనుమానించి ఏళ్ల తరబడి పరీక్షలు చేస్తున్నారు, ఇదీ అని ఒక్క కారణం తేలలేదు. జబ్బు ఏదో తెలియకుండా సారాయి మీద తోసేస్తే, చనిపోయినవాడిదే తప్పని చెప్పి చేతులు దులుపుకోవడమే.

బీడీలు తాగేవారా అన్నది కూడా రాయండి. ఇంగ్లండులో డాక్టర్లనే 50 ఏళ్లు గమనిస్తే, పొగ తాగేవాళ్లు సగటున పదేళ్లు ముందు పోయారు. 30 ఏళ్లకు మానేసినవాళ్లకు దాదాపు ఆ పదేళ్లూ తిరిగొచ్చాయి, 50కి మానేసినా ఆరేళ్లు దక్కాయి.

చెనిక్కాయ రైతు | సోమవారం సాయంత్రం 5:10

నర్సమ్మా, సారాయి మాట నేను తొందరపడి అన్నాను. వెనక్కి తీసుకుంటున్నా.

లైబ్రరీలో కూర్చునేవాడు | సోమవారం సాయంత్రం 6:45

ఐదు నిమిషాల దూరంలో ఇంత తేడా అంటే ఎవరైనా నమ్మరేమో గానీ, 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలో ఇలాంటిదే ఉంది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో కాల్టన్ అనే పేదల పేటలో మగవాళ్ల సగటు ఆయుష్షు 54. కొన్ని మైళ్ల దూరంలోని లెంజీలో 82. మధ్యలో 28 ఏళ్లు! అదీ డాక్టరు దగ్గర డబ్బు కట్టాల్సిన పనిలేని దేశంలో.

లండన్‌లో వైట్‌హాల్ అనే చోట ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసే గుమాస్తాల మీద, ఆఫీసర్ల మీద 1967లో మొదలుపెట్టిన అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. వాళ్లెవరూ ఆకలితో ఉన్నవాళ్లు కాదు, అందరికీ జీతాలున్నాయి. అయినా అట్టడుగు గ్రేడులో మరణాలు పై గ్రేడుకు మూడింతలు. మెట్టు మెట్టుకీ తేడా. పొగ, బీపీ, కొవ్వు అన్నీ కలిపి చూసినా తేడాలో కొంతే లెక్కకు వచ్చింది. దీని మీద జీవితమంతా పనిచేసిన మైకేల్ మార్మట్, తన పని మీద తనకు ఎంత అదుపు ఉందన్నది కూడా ఆయుష్షును నిర్ణయిస్తుందని అంటారు. రేపు కూలి దొరుకుతుందా లేదా అన్న టెన్షన్‌తో రోజూ పడుకునేవాడి గుండె, మడి ఉన్నవాడి గుండె ఒకేలా కొట్టుకోవు.

పైవీధి అమ్మాయి | మంగళవారం రాత్రి 9:50

ఫోన్లో అవ్వతో గంటసేపు మాట్లాడాను. తరువాత అమ్మను కాలనీకి పంపి కనుక్కోమన్నాను. ముందు అవ్వ సంగతి.

సార్, మీరు చెప్పింది నిజం. ఆధార్‌లో 01-01-1928. ఏ సంవత్సరం పుట్టావే అంటే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "ధాతలో, ఆశ్వయుజంలో" అంది. వాళ్ల నాయన 'కరువు సంవత్సరం పేరు మీద పుట్టిందిరా ఇది' అనేవాడంట.

రికార్డు రూమ్ | మంగళవారం రాత్రి 10:04

మరి ఇంకేం అమ్మా. పెద్ద ధాత కరువు 1876లో. అరవై కలిపితే 1936. ఆశ్వయుజం అంటే అక్టోబరు. మీ అవ్వకు నిండా 88. తొమ్మిదేళ్లు ఎక్కువ పడ్డాయి.

పైవీధి అమ్మాయి | మంగళవారం రాత్రి 10:31

అవును సార్. 88 అని చెబితే అవ్వ చాలా సంతోషపడింది, "ఇంకా పన్నెండేళ్లుందన్నమాట" అంది.

ఇలాగే మిగతా ముగ్గురినీ అడిగించాను. నిజంగా 90 దాటినవాళ్లు ఇద్దరే. ఇంకొకాయనకు 85. కాలనీలో పోయినవాళ్ల వయసులు మాత్రం తప్పు కాదు, అందరూ మా ఊరి బడిలో మూడో తరగతి వరకో ఐదో తరగతి వరకో చదివినవాళ్లే, రిజిస్టర్లో ఉన్నాయి. ఎక్కువ బతికిన లెక్క తగ్గింది గానీ, తక్కువ బతికిన లెక్క తగ్గలేదు. దీనికి నాకు ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు.

అక్కా, మీ ప్రశ్నలకు. భార్యలు 11 మందిలో పదిమంది ఉన్నారు. వాళ్ల అత్తలు కూడా చాలామంది 70 దాటి ఉన్నారు. మగవాళ్లలో తొమ్మిది మంది క్వారీలో రాయి పనికి పోయినవాళ్లు. మా మడికి నీళ్లు కట్టే మామ కూడా ముందు ఆ పనికే పోయేవాడు. అందరికీ దగ్గు, ఆయాసం. అందరినీ టీబీ అన్నారు. బీడీ తాగేవాళ్లు ఐదుగురు, మిగతావాళ్లు తాగరు.

వార్డు నర్సు | మంగళవారం రాత్రి 11:15

ఒకే పొయ్యి మీద వండిన కూడు, ఒకే బోరు నీళ్లు, ఒకే పేదరికం. ఆడవాళ్లు బతికారు, మగవాళ్లు పోయారు. అంటే కారణం ఇంట్లో లేదు, పనిలో ఉంది.

ఇది సిలికోసిస్ అయి ఉండొచ్చు. గ్రానైట్ రాయిలో సిలికా ఉంటుంది. డ్రిల్లింగ్ చేసినప్పుడు, కోసినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనబడేది ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. కనబడనిది ఊపిరితిత్తుల అడుగుకు పోయి కూర్చుంటుంది. ఒళ్లు దాన్ని బయటికి తోయలేక చుట్టూ మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట గాలి ఆడదు. పది, ఇరవై ఏళ్లకు బయటపడుతుంది, దుమ్ము మరీ ఎక్కువైతే ఇంకా ముందే. పని మానేసినా ముదురుతుంది. నయం చేసే మందు లేదు. ఎక్స్‌రేలో టీబీలా కనబడుతుంది కాబట్టి ఏళ్ల తరబడి టీబీ మాత్రలు మింగిస్తారు. పైగా సిలికా చేరిన ఊపిరితిత్తులకు నిజంగానే టీబీ తొందరగా వస్తుంది, అందుకే మాత్రలు ఆపమని ఎవరికీ చెప్పకండి. రెండూ ఉండొచ్చు.

మామను వెంటనే ఛాతీ డాక్టరుకు చూపించండి. వెళ్లగానే 'క్వారీలో ఇన్నేళ్లు డ్రిల్లింగ్ చేశాడు' అని మొదటి మాటగా చెప్పండి. ఏం పనిచేస్తావని డాక్టరు అడగకపోతే, మనం చెప్పకపోతే, అది కాగితం మీదికి రాదు.

రాయి కొట్టినవాణ్ణి | బుధవారం పొద్దున 5:40

రెండు రోజుల నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ. నేను 14 ఏళ్లు క్వారీలో కంప్రెసర్ డ్రిల్లింగ్ చేసినోణ్ణి. ఏ క్వారీ అని రాయను.

పొద్దున ఆరుకు మొదలుపెడితే పదికల్లా మొహం విభూతి పూసినట్టు అయిపోతుంది. కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా. తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకునేవాళ్లం, ఎండకు అరగంటలో ఆరిపోతుంది. రంధ్రం వేసేటప్పుడు నీళ్లు పోస్తూ వేస్తే దుమ్ము లేవదు, అది మాకూ తెలుసు, మేస్త్రీకీ తెలుసు. కానీ ట్యాంకరు నీళ్లకు డబ్బులు, పని నిదానమవుతుంది. అడుగుల లెక్కన కూలి. నీళ్లు పోస్తే నాకే నష్టం. సాయంత్రం మేస్త్రీ తలా ఒక బెల్లం ఉండ ఇచ్చేవాడు, దుమ్ము దిగిపోతుందని. బెల్లం కడుపులోకి పోతుంది, దుమ్ము ఉండేది ఊపిరితిత్తుల్లో అని నాకు నలభై ఏళ్లు వచ్చాక ఒక డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది.

మా జట్టులో ఎనిమిది మందిమి. ఇప్పుడు నేనూ ఇంకొకడూ ఉన్నాం. అతను ముందే పని మాని ఆటో కొనుక్కున్నాడు.

మీ మామకు చెప్పండి, ఎత్తు దిండు పెట్టుకుని పడుకోమని. నాకు అదే సుఖంగా ఉంటుంది.

ఒసాకా నుంచి | బుధవారం పొద్దున 6:10

అన్నా, మీరు రాసినందుకు దండం. మీ ఆరోగ్యం జాగ్రత్త.

లైబ్రరీలో కూర్చునేవాడు | బుధవారం పొద్దున 10:25

అన్న రాసింది చదివాక పుస్తకాల మాటలు రాయడానికి చెయ్యి రాలేదు. కానీ పనికొచ్చే ముక్క ఉంది కాబట్టి రాస్తున్నా. సిలికోసిస్‌ను పనివల్ల వచ్చే జబ్బుల షెడ్యూలులో 1948 ఫ్యాక్టరీల చట్టమే చేర్చింది. రాతి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు చట్టప్రకారం పరిహారం అడగొచ్చు. రాజస్థాన్‌లో ఇసుకరాయి గనుల్లో ఇలాగే ఊళ్లకు ఊళ్లు వితంతువులతో నిండిపోతే, అక్కడి ప్రభుత్వం 2019లో ప్రత్యేక విధానం తెచ్చింది. జబ్బు ఖరారైనవాళ్లకు 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు. డబ్బు ప్రాణం తేదు గానీ, ఈ జబ్బుకు ఒక పేరు ఉందని ఒప్పుకున్నారు. టీబీ అని రాసి మూసేసిన ఫైలులో ఆ పేరు ఉండదు.

రికార్డు రూమ్ | బుధవారం పొద్దున 11:40

కాగితాల పని నాకు వదిలేయండి. తొమ్మిది మందికీ మరణ ధ్రువీకరణ పత్రాలు ఉన్నాయా? ఆస్పత్రి చీట్లు, ఎక్స్‌రేలు పారేయలేదు కదా? ఎక్స్‌రే ఫిల్ములు పల్లెల్లో బీరువా మీదో, దూలం సందులోనో ఉంటాయి, వెతికించండి. ఎవరు ఏ క్వారీలో ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా చేశారో, పక్కన పనిచేసినవాళ్ల పేర్లతో సహా రాయించండి. హాజరు పట్టీలు క్వారీవాళ్లు ఇవ్వరు. సాక్షులే మన రిజిస్టరు.

అలిపిరి నడక | బుధవారం రాత్రి 8:30

నడకను మించింది లేదన్నాను. నాలుగడుగులు వేయలేని మనిషి గురించి మాట్లాడుతున్న చోట ఆ మాట రాయకుండా ఉండాల్సింది. పలమనేరు నుంచి వేలూరుకు గానీ తిరుపతికి గానీ మామను తీసుకుపోవడానికి బండి కావాలంటే నాది ఉంది. ఏ రోజైనా సరే.

పైవీధి అమ్మాయి | శనివారం రాత్రి 9:20

ఈరోజు పొద్దున ఊరికి వచ్చాను. మామ ఇంట్లో దూలం సందులో మూడు ఎక్స్‌రేలు దొరికాయి. 2016, 2019, 2023వి. పక్కపక్కన కిటికీకి పట్టి చూస్తే నాకే తేడా తెలిసింది. మొదటిదానిలో అక్కడక్కడా చుక్కలు, మూడోదానిలో పైభాగమంతా తెల్లగా కమ్ముకుంది. చీటీల మీద అన్నిచోట్లా టీబీ అనే ఉంది. వృత్తి అన్నచోట 'కూలి' అని రాసి ఉంది.

అత్త చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను. మామ మంచం మీద కూర్చునే, మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ, తనతో పనిచేసినవాళ్ల పేర్లు చెప్పాడు. 23 పేర్లు. పేరు చెప్పిన తరువాత 'ఉన్నాడు' అనో 'పోయినాడు' అనో అనేవాడు. 'ఉన్నాడు' అన్నవి ఏడు. ఆ ఏడుగురిలో నలుగురు ఇంకా పనికి పోతున్నారు. అందులో ఒకడికి 29 ఏళ్లు, మామ చెల్లెలి కొడుకు.

సోమవారం మామతో పాటు అతన్నీ తీసుకుపోతున్నాం. ఒకరోజు కూలి పోతుందని మొదట రానన్నాడు. మా అవ్వ కర్ర పట్టుకుని కాలనీ దాకా నడిచిపోయి వాళ్లింటి అరుగు మీద కూర్చుంది, వస్తానని చెప్పేదాకా లేవలేదు. అలిపిరి అన్నా, పొద్దున ఆరున్నరకు పలమనేరు బస్టాండు దగ్గర ఉంటాం. దిండు ఒకటి ఎక్కువ పెట్టుకుని వస్తాను.